అమెరికా లాటరీ తగిలింది... ఆ పైన?

"చిన్నమ్మా, నాకు లాటరీ తగిలింది!" అంటూ 2018 మే నెలలో ఒకనాటి పొద్దున్నే మా అక్క కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. నేను పొయ్యి మీద సంగటి గెలుకుతూ వున్నాను. పక్కనే కూర్చుని చెనిక్కాయలు వొలుస్తున్న మా అమ్మ ఆ మాట విని, "లాటరీనా? దుడ్లెంత వస్తాయంటమ్మే?" అని అడిగింది.

"దుడ్లు రావవ్వా, మనమే కట్టాల" అంది పిల్ల నవ్వుతూ.

"దుడ్లు రాని లాటరీ ఏం లాటరీలే!" అని మా అమ్మ మళ్ళీ చెనిక్కాయల్లో పడింది.

ఆ రోజు మేమూ అలాగే అనుకున్నాం. లాటరీలో పేరు వచ్చిందంటే గ్రీన్ కార్డు చేతికి వచ్చినట్లేనని సంతోషపడి, ఇరుగు పొరుగుకు పాయసం కూడా పంచాం. తర్వాత పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలల్లో మా ఇంట్లో ఎన్ని కాగితాలు వెదికామో, ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఫోన్లో మాట్లాడుకున్నామో! అమెరికాలో చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతులు ఎప్పుడో ఒకప్పుడు పనికి వస్తాయి. ముఖ్యంగా మా బి.కొత్తకోట, మదనపల్లె, పీలేరు, రాయచోటి వైపు కువైట్ పోయి వచ్చిన కుటుంబాలకు. అందుకే మాకు తెలిసి వచ్చినవన్నీ వరసగా రాస్తున్నాను.

అసలు ఈ లాటరీ ఏమిటి?

దీని అసలు పేరు డైవర్సిటీ వీసా. 1990లో అమెరికాలో చేసిన ఇమిగ్రేషన్ చట్టంలో ఇది వచ్చింది. 1995 ఆర్థిక సంవత్సరం నుంచి అమలు చేశారు. తమ దేశానికి ఎక్కువగా రాని దేశాల నుంచి కూడా జనం రావాలని వాళ్ళు పెట్టుకున్న పథకం ఇది. ఏడాదికి 55,000 వీసాలని చట్టంలో వున్నా, అందులో 5,000 దాకా వేరే చట్టం కింద తీసి పెట్టేవారు. ప్రపంచం మొత్తం మీద కోటికి పైగా జనం దరఖాస్తు పెట్టిన సంవత్సరాలున్నాయి. కంప్యూటరే పేర్లు తీస్తుంది.

ఇక్కడ మొదటి మెలిక ఏమిటంటే, వున్న వీసాల కంటే ఎక్కువ మంది పేర్లు తీస్తారు. అందరూ చివరిదాకా రారు, కొందరికి అర్హత వుండదు అనే లెక్కతో. కాబట్టి పేరు వచ్చిందంటే వరసలో నిలబడే టోకెన్ దొరికిందని మాత్రమే అర్థం. పెళ్ళిలో విస్తరి వేశారంటే వడ్డన అయినట్లు కాదు గదా, అలాంటిదే ఇది.

రెండో మెలిక చదువుది. పేరు వచ్చిన మనిషి మన ఇంటర్మీడియట్‌తో సమానమైన పన్నెండేళ్ళ చదువు ముగించి వుండాలి. లేదా గడచిన అయిదేళ్ళలో రెండేళ్ళు, శిక్షణ కావలసిన పనిలో అనుభవం వుండాలి. ఇంటర్ దాకా చదివిన నాకు కూడా ఆ అర్హత వుందని తెలిసి మా ఇంట్లో అందరూ నవ్వుకున్నాం. కానీ నేను పుట్టింది ఇక్కడే. అదే అసలు అడ్డం.

ఇండియాకు లేదు గదా, మరి మా పిల్లకెట్లా?

గడచిన అయిదేళ్ళలో 50,000 మందికి మించి అమెరికాకు వలసదారుల్ని పంపిన దేశాలకు ఈ లాటరీలో చోటు లేదు. ఇండియా మొదటి నుంచీ ఆ జాబితాలోనే వుంది. చైనా, మెక్సికో, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్ కూడా ఆ జాబితాలో వున్నవే. మన పక్కన వున్న నేపాల్, శ్రీలంక వాళ్ళకు మాత్రం అవకాశం వుండేది.

మరి మా పిల్లకు? అది పుట్టింది కువైట్‌లో!

మా బావ ఆ రోజుల్లో కువైట్‌లో ఒక కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు. మా వైపు నుంచి కువైట్ పోయేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో పనికి, డ్రైవర్లుగా పోయినవాళ్ళు. వాళ్ళకు భార్యా పిల్లల్ని తీసుకుపోయే వీలుండదు. కంపెనీ వీసా మీద, చెప్పుకోదగ్గ జీతం మీద వున్నవాళ్ళకే ఆ భాగ్యం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మా బావ కూడా జోర్డాన్ దేశంలోని అమ్మాన్ చేరి, అక్కడ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో వచ్చినవాడే. ఆ రెండు మూడు నెలల్లో లక్షా డెబ్బై వేల మందిని అలా తీసుకువచ్చారు. యుద్ధం ముగిశాక తిరిగి పోయి, పెళ్ళి చేసుకుని మా అక్కను తీసుకుపోయాడు. 1993లో పాప అక్కడి ఆస్పత్రిలో పుట్టింది. 1999లో అందరూ తిరిగి వచ్చేశారు.

పాపది ఇండియా పాస్‌పోర్టే. కువైట్‌లో పుట్టినంత మాత్రాన కువైట్ పౌరసత్వం రాదు. కానీ ఈ లాటరీకి చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, పుట్టింది ఏ దేశంలో అని. కువైట్‌కు ఆ జాబితాలో అడ్డు లేదు. 2016లో ఎం.ఎస్. చదవడానికి పోయిన మా పిల్లకు ఈ సంగతి తన గదిలో వుండే నేపాల్ అమ్మాయి చెప్పిందట. "నువ్వు ఎక్కడ పుట్టావు?" అని ఆ అమ్మాయి యథాలాపంగా అడిగిన ప్రశ్నే దీనికంతా మొదలు.

ఇంకో రెండు సంగతులు కూడా చెబుతాను. తాను ఇండియాలో పుట్టినా, భర్త గానీ భార్య గానీ అర్హత వున్న దేశంలో పుట్టి వుంటే ఆ లెక్కన దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇద్దరూ కలిసే వీసా తీసుకోవాలి. అలాగే కంపెనీ ద్వారా వేసుకునే గ్రీన్ కార్డుకు కూడా పుట్టిన దేశమే లెక్క. ఇండియాలో పుట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి క్యూలో నిలబడుతుంటే, గల్ఫ్‌లో పుట్టిన మన పిల్లలు ఆ క్యూలో వుండరు. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఒకసారి పెట్టిన దరఖాస్తు చెల్లలేదు!

మా పిల్ల 2017 అక్టోబరు మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టింది. అయితే ఆ సంవత్సరం కంప్యూటర్లలో ఏదో లోపం వచ్చి, అక్టోబరు 3 నుంచి 10 దాకా వచ్చిన దరఖాస్తులేవీ చెల్లవని, 18వ తేదీ నుంచి మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలని ప్రకటించారు. పిల్ల ఆ ప్రకటన చూసింది కాబట్టి సరిపోయింది. "పెట్టేశాం గదా" అని కూర్చున్నవాళ్ళ సంగతి ఏమిటి?

అంతకు ముందు 2011 మేలో ఇంకా ఘోరం జరిగింది. సుమారు 22,000 మందికి పేరు వచ్చిందని చూపించి, కంప్యూటరు సరిగ్గా కలపకుండా మొదటి రెండు రోజుల దరఖాస్తుల నుంచే ఎక్కువ పేర్లు తీసిందని, కొద్ది రోజులకే ఆ ఫలితాలన్నీ రద్దు చేశారు. ఎన్ని ఇళ్ళల్లో పాయసాలు చేసుకుని వుంటారో పాపం!

రెండు దారులు

పేరు వచ్చినవాళ్ళకు రెండు దారులుంటాయి. స్వదేశంలో వున్నవాళ్ళు అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు పోయి, వీసా వేయించుకుని అమెరికాలో దిగటం ఒకటి. అప్పటికే చదువుకో ఉద్యోగానికో సక్రమంగా అమెరికాలో వున్నవాళ్ళు అక్కడే వుండి, వున్న హోదాను మార్చుకోవటం రెండోది. దీన్నే అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్ అంటారు. ఈ రెండోదానికి పెట్టే ఫారం పేరు ఐ-485.

మా పిల్ల అప్పటికి చదువు ముగించి, చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి మీద ఒక కంపెనీలో చేరింది. హెచ్-1బి వీసాకు కంపెనీ వేసిన దరఖాస్తు 2018 ఏప్రిల్ లాటరీలో రాలేదు. ఆ సంవత్సరం 85,000 వీసాలకు లక్షా తొంభై వేల దరఖాస్తులు వచ్చాయి. "ఒక లాటరీలో పోయింది, ఇంకో లాటరీలో వచ్చింది" అనేది మా పిల్ల. అక్కడే వుండి మార్చుకునే దారినే ఎంచుకుంది.

ఈ దారిలో పోవాలంటే ముందుగా చూసుకోవలసింది ఒకటుంది. దేశంలోకి సక్రమంగా వచ్చి వుండాలి, ఆ రోజు దాకా హోదా చెడిపోకుండా వుండాలి. కాలేజీ మానేసి పని చేసినవాళ్ళకూ, అనుమతి లేని పని చేసినవాళ్ళకూ ఇక్కడ చిక్కే. ఇంకొకటి, విద్యార్థి వీసా మీద వున్నవాళ్ళు ఒకసారి గ్రీన్ కార్డుకు పెట్టుకున్నాక, అది రాకపోతే మళ్ళీ కొత్త విద్యార్థి వీసా సంపాదించటం కష్టం. "చదువుకుని తిరిగి పోతాను" అని చెప్పిన మాటకు ఇది విరుద్ధంగా కనిపిస్తుంది మరి.

ఖర్చు ఎంతయింది?

గృహిణులం, మనకు ముందు గుర్తొచ్చేది ఇదే గదా! అప్పట్లో దరఖాస్తు పెట్టటానికి రుసుము లేదు. పేరు వచ్చాక లాటరీ రుసుము మనిషికి 330 డాలర్లు. ఐ-485కు వేలిముద్రలతో కలిపి 1,225 డాలర్లు. రెండూ కలిపి 1,555. డాలరు 70 రూపాయల చొప్పున వేసుకున్నా లక్షా ఎనిమిది వేల పైమాట. ఇది కాక అక్కడి ప్రభుత్వం గుర్తించిన డాక్టరు దగ్గర ఆరోగ్య పరీక్ష, టీకాలు. చిన్నప్పుడు వేయించిన టీకాల కార్డు వుంటే కొన్ని మళ్ళీ వేయించుకోనక్కర లేదు. మా అక్క ఆ కార్డు దాచి పెట్టింది. చీరల పెట్టెలో, అడుగున!

2024 ఏప్రిల్ నుంచి ఐ-485 రుసుము 1,440 డాలర్లయింది. పని అనుమతికీ, ప్రయాణ అనుమతికీ మళ్ళీ విడిగా కట్టుకోవాలి. కార్డు రాకపోతే ఈ డబ్బు తిరిగి రాదు.

సెప్టెంబరు 30 గండం

అన్నిటికంటే పెద్ద భయం ఇదే. పేరు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు వంతు ఎప్పుడొచ్చేదీ నెల నెలా వెలువడే వీసా బులెటిన్‌లో చూసుకోవాలి. అమెరికా ప్రభుత్వానికి సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. మా పిల్లది 2019 లాటరీ. అంటే 2019 సెప్టెంబరు 30 అర్ధరాత్రి లోపల ఆ దరఖాస్తు మంజూరయి తీరాలి. ఒక్క రోజు దాటినా ఆ లాటరీ చెల్లదు. మన తప్పు లేకపోయినా, ఆఫీసులోనే ఆలస్యమైనా అంతే సంగతులు. వచ్చే సంవత్సరానికి జరపరు.

పిల్ల నంబరు వంతు 2019 జూన్‌లో వచ్చింది. బులెటిన్‌లో రాబోయే నెల అంకెలు కూడా ముందుగా ఇస్తారు. వాటిని చూసుకుని వంతు రాక ముందే కాగితాలు పంపుకోవచ్చు. అలా ఏప్రిల్‌లోనే పంపింది. మే నెలలో వేలిముద్రలు తీసుకున్నారు. లాటరీ ఫైలు కెంటకీ రాష్ట్రంలోని కేంద్రం నుంచి పిల్ల వుండే వూరి ఆఫీసుకు చేరాలి. అది చేరిందా లేదా అని రోజూ ఎదురుచూపే.

పుట్టిన తేదీలు రెండు!

జూలై మొదటి వారంలో అక్కడి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పుట్టిన తేదీకి ఇంకా రుజువులు కావాలని.

తప్పు ఎక్కడ జరిగిందంటే, కువైట్ బర్తు సర్టిఫికెట్‌లోనూ, పాస్‌పోర్టులోనూ అక్టోబరు నెల వుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో జూన్ వుంది! 1999లో ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు, "వయసు చాలదు, నాలుగు నెలలు ముందుకు వేస్తాం లెమ్మా" అని అయ్యవారు అంటే మా అక్క సరేనంది. ఆ రోజుల్లో ఎవరింట్లో వెయ్యలేదు? మా ఇంట్లో నలుగురు పిల్లలకూ జూన్ నెలే. పంతుళ్ళ లెక్కన మన రాయలసీమ పిల్లలంతా జూన్‌లోనే పుట్టారు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ నాలుగు నెలలు మా మెడకు చుట్టుకున్నాయి. దానికి తోడు బర్తు సర్టిఫికెట్ అరబ్బీలో వుంది. మా అక్క పేరు అరబ్బీలోకి పోయి, అక్కడ నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎవరో వేరే ఆవిడ పేరులా తయారయింది.

ఏం చేశామంటే: మా అక్కా బావా ఇద్దరూ మదనపల్లె పోయి నోటరీ దగ్గర ప్రమాణ పత్రాలు రాయించారు. పాప ఎప్పుడు, ఎక్కడ పుట్టింది, బడిలో తేదీ ఎందుకు మారింది, సర్టిఫికెట్‌లో వున్న పేరు, పాస్‌పోర్టులో వున్న పేరు ఒకే మనిషివి అని వివరంగా. కువైట్‌లో తీసిన మొదటి పాస్‌పోర్టు పాతది బావ దగ్గర భద్రంగా వుంది. దాని కాపీ పెట్టారు. అరబ్బీ కాగితానికి మళ్ళీ అనువాదం చేయించి, అనువదించిన మనిషి చేత "ఇది పూర్తిగా, సరిగా చేశాను, నాకు రెండు భాషలూ వచ్చు" అని సంతకం పెట్టించి జతచేసింది పిల్ల.

తేడా వుందని మనకు ముందే తెలిసినప్పుడు, వాళ్ళు అడిగేదాకా వుండకుండా వివరణ మొదటే జతచెయ్యాలి. అలా చేసి వుంటే మాకు నెల రోజులు కలిసి వచ్చేవి.

మధ్యలో పెళ్ళి సంబంధాలు

పిల్లకు లాటరీ తగిలిందన్న కబురు ఎలా పాకిందో గానీ, అంతకు ముందు మూడేళ్ళు వెదికినా రాని సంబంధాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి! కారణం వుంది. లాటరీ వచ్చిన మనిషితో పాటు భర్తకు గానీ భార్యకు గానీ, 21 ఏళ్ళ లోపు పెళ్ళి కాని పిల్లలకు గానీ కూడా గ్రీన్ కార్డు వస్తుంది. దరఖాస్తు పెట్టాక పెళ్ళయినా చేర్చుకోవచ్చు. అదే కార్డు వచ్చేసిన తర్వాత పెళ్ళి చేసుకుంటే భర్త కోసం వేరే దరఖాస్తు పెట్టి, వంతు కోసం కాచుకోవాలి. ఇది తెలిసిన ఒక పెద్దమనిషి, "శ్రావణం దాకా ఎందుకు, ఈ నెలలోనే రిజిస్టరు పెళ్ళి చేసేద్దాం, కట్నం మాటే వద్దు" అని మా బావను వూపిరి సలపనివ్వలేదు.

మా అక్కకు కొంచెం ఆశ పుట్టిన మాట నిజం. పిల్లే ఖరాఖండిగా చెప్పింది: "నన్ను చేసుకుంటారా, నా నంబర్ని చేసుకుంటారా? కార్డు కోసం చేసుకున్న పెళ్ళని తేలితే వాళ్ళకూ రాదు, నాదీ పోతుంది." అంతటితో ఆ మాట ఆగింది. పెళ్ళి మాత్రం నిజంగా కుదిరి వుంటే దాచకూడదు. దరఖాస్తు పెట్టే నాటికి పెళ్ళయి వుండీ భర్త పేరో, పిల్లల పేర్లో రాయకపోతే మొత్తం దరఖాస్తే చెల్లదు.

అన్నట్టు, తల్లిదండ్రులకు, అక్కచెల్లెళ్ళకు ఈ లాటరీతో కార్డు రాదు. పిల్లలు అయిదేళ్ళ తర్వాత పౌరసత్వం తీసుకుంటేనే తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టగలరు. అందాకా మనకు సందర్శకుల వీసానే.

మా అమ్మ

ఇది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. రాస్తేనే ఇంకొకరికి ఉపయోగమని రాస్తున్నాను.

ప్రమాణ పత్రాల కోసం మదనపల్లె తిరుగుతున్న ఆ జూలైలోనే మా అమ్మకు జబ్బు చేసింది. ఆస్పత్రిలో చేర్చాం. ఒక చేతిలో ఆస్పత్రి చీట్లు, ఇంకో చేతిలో నోటరీ కాగితాలు. మా అక్క కూతుర్ని ఆరో ఏట నుంచి పెంచింది మా అమ్మే. బడి నుంచి వస్తే మొదట "అవ్వా" అనే పిలిచేది, "అమ్మా" అని కాదు.

ఇక్కడ నిబంధన ఏమిటంటే, ఐ-485 పెట్టి, అది తేలక ముందే ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే, దరఖాస్తును వదిలేసుకున్నట్లు లెక్క. హెచ్-1బి లాంటి కొన్ని వీసాల వాళ్ళకు మినహాయింపు వుంది గానీ, మా పిల్లకు ఆ వీసా లేదు. ప్రయాణ అనుమతికి దరఖాస్తయితే పెట్టింది, అది ఇంకా రాలేదు. అంటే వచ్చిందా, లాటరీ పోయినట్లే.

ఆస్పత్రిలో చేర్చిన ఎనిమిదో రోజున అమ్మ పోయింది. మేమంతా కూడి ఒక నిర్ణయం తీసుకున్నాం. పిల్లకు ఇప్పుడే చెప్పవద్దు, చెబితే వున్నపళంగా బయలుదేరుతుంది, ఇంత కష్టపడిందీ మట్టి పాలవుతుంది, అని. ఆ మాట మొదట అన్నది నేనే. మూడు రోజులు ఫోన్లో "అవ్వ నిద్రపోతాంది" అని అబద్ధం చెప్పాను. మూడో రోజు సాయంత్రం చుట్టాల పిల్లవాడొకడు ఫోన్లో పెట్టిన ఫోటో చూసి పిల్లకు తెలిసిపోయింది.

ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, "చిన్నమ్మా, నేను వచ్చేదాన్నో రాలేకపోయేదాన్నో, ఆ తీర్మానం నన్ను చెయ్యనియ్యాల్సింది గదా. ఆ పొద్దు నేను ఆఫీసులో పుట్టినరోజు కేకు తింటా వుంటిని" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తర్వాత తెలిసింది: ఇంట్లో చావు, ప్రాణాపాయం లాంటివి వచ్చినప్పుడు, డాక్టరు కాగితాలు తీసుకుని దగ్గర వున్న ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి అత్యవసర ప్రయాణ అనుమతి అడగవచ్చునట. తప్పక ఇస్తారని కాదు, కానీ అడిగే దారి వుంది. మేము ఆస్పత్రిలో చేర్చిన రోజే చెప్పి వుంటే, డాక్టరు చేత ఒక ఉత్తరం రాయించి పంపి వుంటే, ఏమో, ఆఖరి చూపు దక్కేదేమో. మంచి చేస్తున్నామనుకుని మేమే ఆ దారి మూసేశాం. బిడ్డలు దూరాన వున్నారని, మన చావుబతుకులు వాళ్ళకు దాచకండి. అది నా అనుభవం మీద చెబుతున్న మాట.

చివరికి...

ఆగస్టు ఆఖరి వారంలో ఇంటర్వ్యూ జరిగింది. అధికారి పుట్టిన తేదీ గురించే ఎక్కువసేపు అడిగాడట. నోటరీ కాగితాలు, పాత పాస్‌పోర్టు చూసి తల వూపాడట గానీ అక్కడికక్కడే ఏమీ చెప్పలేదు. సెప్టెంబరు గడుస్తోంది. రోజుకొకటి లెక్కపెట్టుకుంటూ మా అక్క తిండి మానేసింది. 20వ తేదీన మంజూరయినట్లు తెలిసింది. గడువుకు పది రోజుల ముందు.

డిసెంబరులో పిల్ల వచ్చింది. బి.కొత్తకోట బస్టాండులో దిగి నేరుగా అవ్వ మంచం వేసే చోటికి పోయి కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. రాత్రి నేను సంగటి, చెనిక్కాయల చట్నీ పెడితే తిని, ఆ పచ్చ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. సినిమా టికెట్టంత కూడా లేదు. "దుడ్లు రాని లాటరీ" అని మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నవ్వాం, ఏడ్చాం.

మోసపోకండి

మా వీధిలోనే ఒకావిడ దగ్గర, "మీ అబ్బాయికి గ్రీన్ కార్డు లాటరీ వేయిస్తాను" అని ఒక ఏజెంటు పదిహేను వేలు తీసుకున్నాడు. ఆ అబ్బాయి పుట్టింది మదనపల్లె ఆస్పత్రిలో! అర్హతే లేదు. కొన్నాళ్ళకు "మీకు తగిలింది, ఇంకో ముప్పై వేలు కట్టండి" అని కంప్యూటరు కాగితం ఒకటి చూపించాడు. మా పిల్ల ఆ కాగితం చూసి ఇది దొంగదని చెప్పటంతో ఆ ముప్పై వేలు మిగిలాయి. ముందు పోయిన పదిహేను వేలు రానేలేదు.

మీకు లాటరీ తగిలిందని అమెరికా ప్రభుత్వం ఉత్తరాలు గానీ, డబ్బు కట్టమని ఈమెయిళ్ళు గానీ పంపదు. దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చిన నంబరుతో వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటులో మనమే చూసుకోవాలి. ఆ నంబరు ఏజెంటు చేతిలో వుంచకండి.

ఇప్పటి సంగతి

దరఖాస్తుకు ఒక డాలరు రుసుము పెడుతున్నట్లు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. 2025 డిసెంబరులో అయితే అమెరికా ప్రభుత్వం ఈ లాటరీ పథకాన్నే నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. కాబట్టి ఎవరైనా "ఇప్పుడే కట్టండి, ఆఖరి అవకాశం" అంటే అసలే నమ్మకండి. అధికారిక ప్రకటన చూసుకున్నాకే ఏదైనా. ఒక్కటి మాత్రం మారదు. పుట్టిన దేశం లెక్క చాలా రకాల గ్రీన్ కార్డులకు, కాగితాల అవసరం ఏ రకం గ్రీన్ కార్డుకైనా వుండేవే.

గుర్తుంచుకోవలసినవి

• విదేశంలో పుట్టిన పిల్లల బర్తు సర్టిఫికెట్ అసలుది, టీకాల కార్డు, మొట్టమొదటి పాస్‌పోర్టు ఎప్పటికీ పారెయ్యకండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చెదలు తగలని చోట దాచండి.

• బర్తు సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు మూడింట్లోనూ పేరు, తేదీ ఒకటేనా అని ఇవాళే పోల్చి చూడండి. తేడా వుంటే తీరిక వున్నప్పుడే సరిచేయించండి.

• బడిలో చేర్చేటప్పుడు వయసు ముందుకు గానీ వెనక్కు గానీ వేయించకండి.

• ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంగా రాయించకండి.

• దరఖాస్తు ఒక మనిషి ఒక్కటే పెట్టాలి. రెండు పెడితే రెండూ పోతాయి. భార్యాభర్తలు ఎవరిది వాళ్ళు పెట్టుకోవచ్చు.

• అమెరికాలో ఐ-485 పెట్టిన పిల్లల్ని పెళ్ళిళ్ళకూ పండుగలకూ రమ్మని బలవంతపెట్టకండి. ప్రయాణ అనుమతి చేతికి వచ్చిందా అని ముందు అడగండి.

• కార్డు వచ్చాక కూడా ఏడాది దాటి ఇక్కడే వుండిపోతే చిక్కులొస్తాయి. ఆరు నెలలు దాటినా ప్రశ్నలు వేస్తారు.

మా వైపు ప్రతి వీధిలోనూ కువైట్ పోయి వచ్చిన ఇల్లు ఒకటైనా వుంటుంది. మీ ఇంట్లో అక్కడ పుట్టిన బిడ్డ వుంటే, ఈ పత్రిక పక్కన పెట్టి, పెట్టె తెరిచి, ఆ అరబ్బీ కాగితం ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మా అక్క చీరల అడుగున దాచబట్టి సరిపోయింది.